సి షార్ప్‌లో లింక్: పదేపదే అడుగుతున్న ప్రశ్నలు, రొయ్యల లెక్కలతో సహా

పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల రొయ్యల కొనుగోలుదారులకీ, కొబ్బరి వ్యాపారులకీ, రెండు మూడు రైస్ మిల్లులకీ లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిపెడుతుంటాను. ప్రాజెక్టు పనంటూ ఇంజనీరింగ్ కుర్రాళ్లు వస్తుంటారు. సి షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉండే లింక్ గురించి అందరూ ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతారు, నేను వాట్సాప్‌లో అవే జవాబులు టైప్ చేస్తుంటాను, వేళ్లు నొప్పెట్టి ఒక్కసారే ఇక్కడ రాసేస్తున్నాను. కోడ్ ముక్కలు పలికినట్టే తెలుగులో పెట్టాను, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగే కొట్టాలి.

లింక్ అంటే ఏంటండీ, వాట్సాప్‌లో పంపుకునే లింకేనా?

కాదు. పలకడం అలాగే పలుకుతాం గానీ చివర క్యూ అక్షరం ఉంటుంది. లాంగ్వేజ్ ఇంటిగ్రేటెడ్ క్వెరీ అన్నదానికి పొట్టిపేరు. 2007 నవంబరులో మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ 3.5తో, సి షార్ప్ 3.0లో భాగంగా వచ్చింది. అప్పటిదాకా డేటాబేస్‌ని ఏదైనా అడగాలంటే ఎస్‌క్యూఎల్‌ని (డేటాబేస్‌ని అడిగే భాష) కొటేషన్ల మధ్య ఒక స్ట్రింగ్‌లా రాయాల్సి వచ్చేది. అందులో కాలమ్ పేరు ఒక్క అక్షరం తప్పు కొట్టినా కంపైలర్‌కి తెలిసేది కాదు, కస్టమర్‌కి తెలిసేది. ఎక్స్ఎంఎల్‌కి ఇంకో పద్ధతి, మామూలు లిస్టుకి లూపులు. వీటన్నిటినీ భాష లోపలి నుంచే, టైపులు తెలిసిన కంపైలర్ కళ్లముందే, ఒకే తీరుగా అడిగేలా చేశారు. లాంబ్డాలు (బాణం గుర్తుతో రాసే పేరులేని చిన్న ఫంక్షన్లు), ఎక్స్‌టెన్షన్ మెథడ్లు, అనానిమస్ టైపులు, వార్ అనే మాట, ఇవన్నీ సి షార్ప్‌లోకి ఒకేసారి వచ్చింది చాలావరకు దీనికోసమే. అప్పట్లో ఆ భాషకి ముఖ్య రూపకర్త ఆండర్స్ హేల్స్‌బర్గ్.

ఫర్ లూప్ ఉండగా ఇదెందుకు?

లూప్‌తో అవ్వని పనేదీ దీంతో కొత్తగా అవ్వదు, అది ముందే ఒప్పేసుకుంటాను. కానీ నలభై లోపు కౌంట్ రొయ్యలున్న లోడ్లు కావాలి, ఊరి వారీగా కావాలి, కిలోల మొత్తం కావాలి అంటే లూపులో ఒక ఖాళీ డిక్షనరీ, ఒక ఇఫ్, డిక్షనరీలో ఆ ఊరు ఉందో లేదో చూసే ఇంకో ఇఫ్ రాయాలి. ఆరు నెలల తర్వాత చదివితే ఎవడు రాశాడ్రా ఇది అనిపిస్తుంది, చూస్తే మనమే. లింక్‌లో అయితే లోడ్లు.వేర్(లోడు => లోడు.కౌంట్ <= 40).గ్రూప్‌బై(లోడు => లోడు.ఊరు), దాని వెనక ఒక సెలెక్ట్, అంతే. ఏం కావాలో రాస్తాం, ఎలా తిరగాలో రాయం.

ఈ వైపు వాళ్లు కానివారి కోసం ఒక మాట: రొయ్యల్లో కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగుతాయని. 30 కౌంట్ అంటే కిలోకి ముప్ఫై, పెద్ద రొయ్య, మంచి ధర. 100 కౌంట్ అంటే చిన్నది. అంకె తగ్గేకొద్దీ సరుకు పెద్దదన్నమాట. లింక్‌లోనూ కౌంట్ అనే మెథడ్ ఉంది, దానికీ దీనికీ సంబంధం లేదు. నా కోడ్‌లో లోడ్లు.కౌంట్(లోడు => లోడు.కౌంట్ <= 40) అని ఉన్నచోట కొత్తగా చేరిన కుర్రాడు పాపం చాలాసేపు ఆగిపోయాడు.

ఫ్రమ్‌తో మొదలెట్టి ఎస్‌క్యూఎల్‌లా రాసేది ఒకటి, చుక్కలు పెట్టి రాసేది ఒకటి. ఏది మంచిది?

రెండూ ఒకటే. ఫ్రమ్, వేర్, సెలెక్ట్ అని రాసినదాన్ని కంపైలర్ ముందుగా చుక్కల పద్ధతిలోకే మార్చేస్తుంది. నేను చుక్కలే వాడతాను, జాయిన్లు రెండు మూడు కలిస్తే మాత్రం ఫ్రమ్ పద్ధతి చదవడానికి హాయిగా ఉంటుంది. ఎస్‌క్యూఎల్‌లో సెలెక్ట్ ముందుండి ఇక్కడ ఫ్రమ్ ఎందుకు ముందొచ్చిందని అడుగుతుంటారు. దేన్నుంచి తీస్తున్నామో ముందే చెబితే గానీ, చుక్క పెట్టగానే ఏ ప్రాపర్టీలు చూపించాలో ఎడిటర్‌కి తెలియదు. అంతే కారణం.

క్వెరీ రాశాను, ఎర్రర్ లేదు, కానీ ఏమీ జరగలేదు. ఎందుకని?

అసలు సంగతంతా ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చదవండి.

క్వెరీ రాయడమంటే బోదె తవ్వడం. ఫర్‌ఈచ్ పెట్టడమో, టూలిస్ట్, సమ్, కౌంట్, ఫస్ట్ లాంటివి పిలవడమో, అదీ తూము ఎత్తడం. బోదె తవ్వినంత మాత్రాన చేలోకి నీళ్లు రావు కదా. వేర్, సెలెక్ట్, ఆర్డర్‌బై, ఇవన్నీ "అడిగినప్పుడు ఇలా చెయ్యి" అనే చీటీ మాత్రమే రాసి పెట్టుకుంటాయి. ఆ వేరియబుల్‌లో ఉన్నది జవాబు కాదు, ప్రశ్న. మీరు ఎన్నిసార్లు తూము ఎత్తితే అన్నిసార్లు ఆ ప్రశ్న మళ్లీ మొదటినుంచీ అడుగుతారు, అప్పటికి లిస్టులో ఏముంటే దాని మీదే.

ఇది నాకు పుస్తకంలో చదివితే ఎక్కలేదు, చెరువులో రొయ్యలు పట్టే ఒక పట్టుబడి రోజున ఎక్కింది. ఒక కొనుగోలుదారుడికి చెల్లింపుల చీటీ ప్రింట్ చేసే ప్రోగ్రాం ఇచ్చాను. బాకీలు = లోడ్లు.వేర్(లోడు => !లోడు.చెల్లించాం) అని పైన రాశాను. కింద బాకీల మీద ఫర్‌ఈచ్ పెట్టి ఒక్కో లోడు వివరం ప్రింట్ చేస్తూ, పనిలో పనిగా చెల్లించాం = నిజం అని మార్చాను. ఆ కింద బాకీలు.సమ్(లోడు => లోడు.కిలోలు * లోడు.ధర) అని మొత్తం వేశాను. చదివితే తప్పెక్కడా కనిపించదు. తెల్లవారుజామున చెరువు గట్టు మీద ఐస్ బాక్సుల మధ్య ప్రింటర్ పెట్టి చీటీ తీస్తే, పైన ఏడు లోడ్లు చక్కగా వచ్చాయి, అడుగున మాత్రం మొత్తం: 0.00. గుమాస్తా గారు ఆ చీటీ ఫొటో తీసి నాకు పంపి ఫోన్ చేశారు. "ఏంటండి బాబూ ఇది, మీ కంప్యూటరు రైతుకి ఉత్త చేతులు చూపించమంటోందేంటి, ఆయన నా ఎదురుగానే నిలబడ్డాడు."

జరిగింది ఇదీ. సమ్ పిలిచినప్పుడు బాకీలు అనే ప్రశ్న మళ్లీ కొత్తగా వేసుకుంది. చెల్లించనివి ఏవి? ఏవీ లేవు, పైన లూపులో నేనే అన్నిటికీ చెల్లించాం అని పెట్టేశాను. సున్నా సరైన జవాబే, నేను అడగాలనుకున్న ప్రశ్నే అది కాదు. ఎర్రరైనా వచ్చి ఉంటే బాగుండేది. లూపు తిరుగుతుండగా లిస్టులోకి కొత్త లోడు చేర్చినా, తీసేసినా ఇన్‌వాలిడ్ ఆపరేషన్ అని ఆపేస్తుంది గానీ, ఉన్న లోడు లోపలి ప్రాపర్టీ మారిస్తే దానికేం పట్టదు. పై వరస చివర .టూలిస్ట్() చేర్చాను, సరిపోయింది.

బయటి వేరియబుల్స్ కూడా ఇంతే. పరిమితి = 40 అని పెట్టి, క్వెరీ రాసి, తర్వాత పరిమితి = 60 చేసి ఫర్‌ఈచ్ తిప్పితే 60తోనే నడుస్తుంది.

అయితే ప్రతిదాని చివరా టూలిస్ట్ పెట్టేస్తే గొడవ వదిలిపోతుందిగా?

గొడవ వదులుతుంది, మెమరీ మీద పడుతుంది. ఫలితాన్ని రెండుసార్లు, అంతకన్నా ఎక్కువ వాడబోతున్నా, మధ్యలో డేటా మారబోతున్నా టూలిస్ట్ పెట్టండి. ఒక్కసారే తిరిగి వదిలేసేదానికి అక్కర్లేదు. ఇంకోటి, టూలిస్ట్ చేస్తే లోడ్లకి జిరాక్స్ తీసినట్టు కాదు. లిస్టు కొత్తది, లోపలున్నవి పాత లోడ్లే, ఒకచోట ధర మారిస్తే రెండుచోట్లా మారుతుంది.

వేర్ ముందా, ఆర్డర్‌బై ముందా?

వేర్ ముందు పెట్టండి. ఎందుకో కొబ్బరి తోటలో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. దింపు అయ్యాక మొత్తం కాయలన్నీ ఒకరు ఏరేసి, తర్వాత మొత్తం ఇంకొకరు వలిచి, తర్వాత ఇంకొకరు లెక్కపెట్టడం ఒక పద్ధతి. లింక్ అలా చెయ్యదు. లెక్కపెట్టేవాడు చెయ్యి చాపుతాడు, వలిచేవాడు ఒక కాయ కోసం ఏరేవాడిని అడుగుతాడు, ఏరేవాడు పనికొచ్చే కాయ దొరికేదాకా చూసి ఒక్కటి అందిస్తాడు. ఆ ఒక్క కాయ చివరిదాకా వెళ్లాకే రెండోది కదులుతుంది. అందుకే .టేక్(5) అని పెడితే ఐదు దొరకగానే అందరూ ఆగిపోతారు, మిగతా రాశి వైపు చూడరు. ఆర్డర్‌బై మాత్రం అలా కుదరదు, అన్నిటికన్నా పెద్ద కాయ ఏదో చెప్పాలంటే రాశి మొత్తం ముందు పోసుకోవాల్సిందే. కాబట్టి పనికిరానివి ముందే వేర్‌తో తీసేస్తే రాశి చిన్నదవుతుంది.

దీని పక్కనే ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. ఊరు, ఆ లోపల కౌంట్ వరసలో కావాలని ఆర్డర్‌బై(ఊరు).ఆర్డర్‌బై(కౌంట్) అని రాస్తారు. రెండో ఆర్డర్‌బై మొత్తాన్నీ కౌంట్ వరసలో పెట్టేస్తుంది, ఊర్లు చెల్లాచెదురు. రెండోచోట ఉండాల్సింది దెన్‌బై.

ఫస్ట్, ఫస్ట్ ఆర్ డిఫాల్ట్, సింగిల్: ఏది ఎప్పుడు?

కచ్చితంగా ఒక్కటే ఉండాలి, రెండుంటే లెక్క తప్పు అనుకుంటే సింగిల్. ఎన్నున్నా మొదటిది చాలు, కానీ ఒక్కటైనా ఉండితీరాలి అంటే ఫస్ట్. ఉండకపోవచ్చు కూడా అంటే ఫస్ట్ ఆర్ డిఫాల్ట్, ఆ వచ్చినదాన్ని నల్ (అంటే ఏమీ లేదు) అవునో కాదో చూసుకున్నాకే చుక్క పెట్టండి. భయపడి అన్నిచోట్లా ఫస్ట్ ఆర్ డిఫాల్ట్ రాసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, తప్పు జరిగినచోట పడాల్సిన ఎర్రరు పది వరసల కింద ఎక్కడో పడుతుంది.

ఖాళీ లిస్టు మీద సమ్ పనిచేసింది, యావరేజ్ మాత్రం క్రాష్ అయింది. ఇదేం న్యాయం?

ఏమీ లేనివాటి మొత్తం సున్నా, అది సబబే. ఏమీ లేనివాటి సగటు ఎంత? చెప్పలేం కదా, అందుకే ఎక్సెప్షన్. అంకెల మీద మ్యాక్స్, మిన్ కూడా అంతే. ముందు ఎనీ పెట్టి చూసుకోండి, లేదా ఆ అంకెని నల్ పట్టే టైపుకి మార్చి ఇవ్వండి, అప్పుడు నల్ వస్తుంది.

ఒక్కటైనా ఉందా అని చూడటానికి కౌంట్() > 0 తప్పా?

తప్పు కాదు, దండగ. వేర్ పెట్టిన క్వెరీ మీద కౌంట్ అంటే చివరిదాకా లెక్కపెడుతుంది, ఎనీ మొదటిది కనిపించగానే ఆగుతుంది. లిస్టు మీద నేరుగా అయితే ఎన్నున్నాయో ముందే రాసిపెట్టి ఉంటుంది, తేడా పడదు.

రోజు మొత్తం సగటు కౌంట్ వేస్తే వ్యాపారి ఒప్పుకోవట్లేదు. యావరేజ్‌లో ఏదైనా బగ్ ఉందా?

యావరేజ్‌లో బగ్ లేదండీ, మన లెక్కలో ఉంది. 30 కౌంట్ సరుకు 800 కిలోలు, 60 కౌంట్ సరుకు 200 కిలోలు వచ్చాయనుకోండి. లోడ్లు.యావరేజ్(లోడు => లోడు.కౌంట్) అంటే 45 చెబుతుంది. అసలు రొయ్యలెన్ని? 24,000కి 12,000 కలిపితే 36,000. కిలోలు 1000. అంటే కౌంట్ 36. ముప్ఫై ఆరుకీ నలభై అయిదుకీ ధరలో ఎంత తేడా ఉంటుందో చెరువు చేసినవాళ్లని అడగండి. కౌంట్ ఇంటూ కిలోల సమ్‌ని కిలోల సమ్‌తో భాగించాలి, దీనికి రెడీమేడ్ మెథడ్ లేదు, మీరే రాసుకోవాలి. రెండూ ఇంటీజర్లయితే భాగించేటప్పుడు చుక్క తర్వాతి అంకెలు ఎగిరిపోతాయి, డెసిమల్ వాడండి.

గ్రూప్‌బై చేస్తే ఒకే ఊరు రెండుసార్లు వస్తోంది.

మూడు కారణాలు చూశాను. మొదటిది, పేరు వెనక ఖాళీ స్పేస్. "తణుకు" వేరు, వెనక స్పేస్ ఉన్న "తణుకు " వేరు. డేటా లోపలికి వచ్చేచోటే ట్రిమ్ చెయ్యండి, గ్రూప్‌బై దగ్గర కాదు.

రెండోది మన జిల్లాల పుణ్యం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాయి. అప్పటిదాకా పశ్చిమ గోదావరిలో ఉన్న కొవ్వూరు, నిడదవోలు తూర్పు గోదావరిలోకి వెళ్లాయి, అమలాపురం వైపంతా కోనసీమ అయింది. మీ దగ్గర పాత డేటా ఉండి, జిల్లా, ఊరు రెండూ కలిపి గ్రూప్ చేస్తే కొవ్వూరు రెండు ముక్కలవుతుంది, ఒకటి పాత జిల్లాలో, ఒకటి కొత్త జిల్లాలో. ఇక్కడ లింక్ చేసేదేం లేదు. ప్రతి ఊరికీ మారని ఒక కోడ్ పెట్టి దానిమీద గ్రూప్ చెయ్యండి, జిల్లా పేరుని చివర్లో పక్కన చూపించండి.

మూడోది సాంకేతికం. గ్రూప్ కీగా మీ సొంత క్లాస్ ఆబ్జెక్ట్ ఇస్తే, లోపల విలువలు ఒకటే అయినా ప్రతి ఆబ్జెక్టూ వేరే కింద లెక్క, లోడుకో గ్రూపు తయారవుతుంది. అనానిమస్ టైప్ గానీ, టపుల్ గానీ, సి షార్ప్ 9 నుంచి ఉన్న రికార్డ్ గానీ ఇవ్వండి, వీటిని విలువలతో పోలుస్తారు.

ఈ నెల ఒక్క లోడు కూడా వెయ్యని రైతులు జాయిన్ చేస్తే మాయమైపోతున్నారు.

జాయిన్ అంటే రెండువైపులా ఉన్నవాళ్లనే ఇస్తుంది. 2025 నవంబరులో వచ్చిన డాట్ నెట్ 10లో లెఫ్ట్‌జాయిన్ అని నేరుగా ఇచ్చారు. అంతకు ముందు వెర్షన్లలో గ్రూప్‌జాయిన్, సెలెక్ట్‌మెనీ, డిఫాల్ట్ ఇఫ్ ఎంప్టీ మూడూ కలిపి అల్లుకోవాలి, నాకిప్పటికీ చూడకుండా రాయడం రాదు.

డేటాబేస్ మీద కూడా ఇదే కోడ్ నడుస్తుందా?

రాయడం ఒకేలా ఉంటుంది, నడిచే తీరు వేరు. మామూలు లిస్టు అయితే ఐఎన్యూమరబుల్, మీ లాంబ్డా మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది. డేటాబేస్‌తో మాట్లాడే ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ అనే లైబ్రరీలోని టేబుల్ అయితే ఐక్వెరియబుల్, మీ లాంబ్డాని నడపదు, దాని నిర్మాణాన్ని చదివి ఎస్‌క్యూఎల్‌గా మార్చి డేటాబేస్‌కి పంపుతుంది. పని అక్కడ జరిగి, కావలసిన వరసలు మాత్రమే ఇటొస్తాయి.

ఇక్కడే కుర్రాళ్లు చేసే పని: టేబుల్.టూలిస్ట్().వేర్(...). ధవళేశ్వరం దగ్గర తూములో ఆపాల్సిన నీళ్లన్నీ సముద్రం ఒడ్డున ఉన్న అంతర్వేది దాకా తెచ్చుకుని, అక్కడ చెంబుతో మనకి కావలసినవి ముంచుకోవడం ఇది. ఆఫీసులో టెస్ట్ డేటా యాభై వరసలుంటే తెలియదు. రెండు సీజన్ల డేటా చేరి, గట్టు మీద ఫోన్ హాట్‌స్పాట్‌తో తెరిస్తే అప్పుడు తెలుస్తుంది, గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. వేర్‌ని ముందుకు జరిపితే చాలు.

వేర్‌లో మీరు సొంతంగా రాసుకున్న ఫంక్షన్ పిలిస్తే దాన్ని ఎస్‌క్యూఎల్‌లోకి మార్చలేదు. ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ పాత వెర్షన్లలో లాగ్‌లో ఒక హెచ్చరిక పడేసి, టేబుల్ అంతా తెచ్చేసుకుని ఇక్కడ వడకట్టేది. 2019లో వచ్చిన 3.0 నుంచి ఎక్సెప్షన్ విసురుతోంది. చివరి సెలెక్ట్‌లో మాత్రం సొంత ఫంక్షన్‌ని ఇప్పటికీ ఒప్పుకుంటుంది. అప్పట్లో అందరూ తిట్టుకున్నారు, నేను మాత్రం ఈ మార్పు మంచిదే అంటాను.

తెలుగు పేర్లని ఆర్డర్‌బై చేస్తే వరస సరిగ్గా రాదేం?

స్ట్రింగులకి ఆర్డర్‌బై మామూలుగా ఆ కంప్యూటర్ కల్చర్ (భాష, ప్రాంతం) సెట్టింగు చూస్తుంది, కాబట్టి రెండు కంప్యూటర్లలో రెండు రకాలుగా రావచ్చు. అన్నిచోట్లా ఒకేలా కావాలంటే స్ట్రింగ్ కంపేరర్ ఆర్డినల్ ఇవ్వండి. కానీ అది అక్షరాల యూనికోడ్ నంబర్ల వరస, మన అక్షరమాల వరస కాదు. యూనికోడ్‌లో సున్నా (అనుస్వారం) అచ్చులకన్నా ముందుంది, బండిర "ఱ" ఏమో "ర"కీ "ల"కీ మధ్యలో కూర్చుంది, "క్ష" అసలు విడి అక్షరమే కాదు, కకారంలోనే వస్తుంది. రైతుల జాబితా వరకు ఎవరూ పట్టించుకోరు. నిఘంటువు చేస్తుంటే మాత్రం సొంత కంపేరర్ రాసుకోవాలి.

వేరియబుల్ పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. సి షార్ప్ ఒప్పుకుంటుంది, గుణింతాలు, వత్తులతో సహా. నేను ఒకసారి సరదాగా చేశాను, తర్వాత ఆ కోడ్ ఇంకొకరికి అప్పగించాల్సి వచ్చి అన్నీ మార్చాను.

జావా, పైథాన్ వచ్చినవాళ్లకి కొత్తేముంది?

పెద్దగా ఏం లేదు. జావా 8లో 2014లో వచ్చిన స్ట్రీములు ఇలాగే ఉంటాయి, కాకపోతే ఒక స్ట్రీమ్‌ని ఒకసారే వాడగలం, రెండోసారి ముట్టుకుంటే ఎక్సెప్షన్. పైథాన్ జనరేటర్ రెండోసారి తిప్పితే అరవకుండా ఖాళీగా వస్తుంది. లిస్టు మీద రాసిన లింక్ క్వెరీ మళ్లీ మొదటినుంచీ నడుస్తుంది. జావాస్క్రిప్ట్ అరేల ఫిల్టర్, మ్యాప్ అయితే అడిగిన వెంటనే కొత్త అరే చేసి చేతిలో పెడతాయి. ఏ భాష నుంచి వచ్చినా ఈ ఒక్క తేడా దగ్గరే పడతారు.

పనిని ప్రాసెసర్ కోర్లకి పంచే యాజ్ ప్యారలల్ పెడితే స్పీడవుతుందా?

ఒక్కో వరసకీ బరువైన లెక్క ఉంటే అవుతుంది. మన లోడ్ల జాబితాకి పెడితే పనికన్నా పంపకానికే ఎక్కువ టైం పడుతుంది. ముందు డేటాబేస్‌కి ఎన్నిసార్లు వెళ్తున్నారో చూసుకోండి.

పొడుగాటి క్వెరీలో తప్పెక్కడుందో ఎలా పట్టుకోవాలి?

ముక్కలు చెయ్యండి. ప్రతి చుక్క దగ్గరా విరిచి ఒక్కో వేరియబుల్‌లో పెట్టండి, నడకేం మారదు, చదవడం తేలికవుతుంది. బ్రేక్‌పాయింట్ పెట్టి ఒక్కో ముక్క ఏమిస్తుందో చూసుకుంటూ పొండి. విజువల్ స్టూడియోలో ఆ వేరియబుల్ మీద మౌస్ పెట్టి రిజల్ట్స్ వ్యూ తెరిస్తే డేటా కనిపిస్తుంది. తెరిచిన క్షణానే క్వెరీ నడుస్తుందని పక్కనే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. లాంబ్డాలో ఏదైనా మార్చే కోడ్ పెట్టి ఉంటే, మీరు చూడబోయినందుకే అది ఇంకోసారి మారుతుంది.